అద్దాల గదిలో రఘుపతి

పోయిన వారం గంగవ్వను వేదిక మెట్ల మీద నిలబెట్టి ఆగిపోయాం. పాపం, ఏడు రోజులుగా ఆమె అక్కడే అలాగే నిలబడి ఉంది. ఆమెను కదిలించే ముందు, ఈ వారమే కొత్తగా పత్రిక కొన్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పనివ్వండి.

సూరత్‌లో ఉధనా దాటాక మరమగ్గాల సొసైటీ ఒకటుంది. మరమగ్గాన్ని మనవాళ్లు సాంచా అంటారు. నాలుగు వందల పైచిలుకు సాంచాల షెడ్లు, వాటి మధ్య ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తిరగాల్సిన గల్లీలు, ఆ గల్లీల్లో పనివాళ్లు పడకకు ఇంత అని కట్టి ఉండే లాడ్జీలు ముప్పై ఎనిమిది. కిందటి ఎండాకాలం ఒక షెడ్డు అంటుకుంటే ఫైరింజను గల్లీ మొదట్లోనే ఇరుక్కుపోయింది. లోపల ఉన్న లింగం చనిపోయాడు. లింగం గంగవ్వ తమ్ముడు.

ఆ రోజు నుంచి, పనివాళ్లకు మెస్సు నడుపుకునే గంగవ్వ ఒకటే పట్టు పట్టింది. సొసైటీలోనే గల్లీలో పట్టేంత చిన్న ఫైర్ బండి ఉండాలి, దాని దగ్గర మూడు షిఫ్టుల్లోనూ మనుషులుండాలి. ఆ ఖర్చు కోసం లాడ్జీల మీద గదికి రోజుకు ఇరవై రూపాయల సుంకం వేయాలి. భర్త వెంకటయ్యకు నాలుగు సాంచాల షెడ్డుంది కాబట్టి ఆయన పేరు మీద ప్రతిపాదన పెట్టించి, సర్వసభ్య సమావేశం దాకా లాక్కొచ్చింది. షెడ్డుకొక ఓటు. ఈసారి ఓడిపోతే మూడేళ్లదాకా ఆ మాట మళ్లీ ఎత్తకూడదని సొసైటీ రూలు. మూడేళ్లంటే మూడు ఎండాకాలాలు.

అవతలి పక్షానికి పెద్ద రఘుపతి. నాలుగంతస్తుల లాడ్జి, దాంతోపాటు ఒక షెడ్డు ఆయనవి. ఇప్పుడు తాపీ నదికి అవతల అడాజన్‌లో ఫ్లాట్, తెల్ల కారు, బంగారు ఫ్రేము కళ్లద్దాలు. కానీ మంచి మనిషని పేరు. ఎందుకంటే కరీంనగర్ వైపు నుంచి ఎవరు పనికోసం వచ్చినా, దిగిన రోజు రఘుపతి లాడ్జిలో పడక ఉచితం. ఇరవై ఏళ్లుగా అదే ఆచారం. పోయిన వారం ఆయన చేసింది ఒక్కటే, మైకు పట్టుకుని "దిగిన రోజు నా పడక మీద పండుకోనోడు ఎవడన్న ఉంటే చెయ్యెత్తుండ్రి" అన్నాడు. హాల్లో ఒక్క చెయ్యి లేవలేదు. గంగవ్వ ఓట్లు అక్కడే సగం కరిగిపోయాయి.

ఆ తర్వాత టీ విరామం ఇచ్చారు. విరామంలో వెంకటయ్య భార్య కొంగు పట్టి లాగి ఏదో చెప్పాడు. ఆమె చేతిలోని టీ గ్లాసు అక్కడే పెట్టేసి వేదిక ఎక్కింది.

ఇక వినండి.

"రఘుపతన్నా, ఒక్క ముచ్చట అడుగుత," అంది గంగవ్వ. "నీ లాడ్జి ఎనుక మెట్లు ఏమైనయి?"

అప్పటిదాకా గోలగోలగా ఉన్న హాలు సద్దుమణిగింది. వెనక వరసలో ఎవరో "ఏం మెట్లు?" అని పక్కవాణ్ణి అడిగారు.

రఘుపతి కుర్చీలోంచి లేవలేదు. "ఏమైతయి చెల్లె? ఉన్నకాడనే ఉన్నయి."

"లేవు. మెట్లు మూసి, మూడంతస్తులల్ల మూడు రూములు కట్టినవ్. పైన నూటిరవై మంది పండుకుంటరు. ఏమన్న అయితే దిగనీకి ముంగటి మెట్లొక్కటే దిక్కు. ఆ ముచ్చట ఓట్లు అయ్యేదాక బయట పడొద్దన్నవ్. ఎవడన్న సూస్త అంటే తాళంచెవి పోయిందని చెప్పుమన్నవ్."

రఘుపతి పక్కన నిలబడి ఉన్న లాడ్జి మేనేజరు శివకృష్ణ ముఖం పాలిపోయింది. రఘుపతి మాత్రం పాత కాపు, నవ్వాడు.

"ఎవలికి చెప్పుమన్న? ఎప్పుడు చెప్పుమన్న?"

"ఇప్పుడే. చాయ్ తాగేటప్పుడు. గా అద్దాల రూముల నిలవడి, శివకృష్ణకు చెప్పినవ్."

హాలు చివర సొసైటీ ఆఫీసు గది ఉంది. నిలువెత్తు అద్దాలు, ఏసీ, మూసి ఉంచే తలుపు. విరామంలో ఆ ఇద్దరూ అందులోకి వెళ్లడం అందరూ చూశారు. గదికీ మొదటి వరసకూ మధ్య ఇరవై అడుగులుంటుంది. పైగా నాలుగు వందల మంది ఒకేసారి మాట్లాడుతున్నారు, గోడ పక్కన కూలర్లు రెండు రొద పెడుతున్నాయి.

"తలుపేసిన రూముల ముచ్చట ఎవలు విన్నరు చెల్లె?"

"మా ఇంటాయన."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కాగానే హాలంతా గొల్లుమంది. ఇరవై ఏళ్ల సాంచాల చప్పుడు వెంకటయ్య చెవులను ఎప్పుడో తినేసింది. గల్లీలో వెనక నుంచి లారీ హారన్ కొట్టినా ఆయన పక్కకు జరగడు. ఆయన చెవుడు మీద సొసైటీలో ఉన్నన్ని జోకులు ఇంకెవరి మీదా లేవు.

"బావ విన్నడా?" రఘుపతి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, నవ్వితే కళ్లలో నీళ్లు వచ్చాయి మరి. "బావకు దేవుడు చెవులు ఎప్పుడు తిరిగిచ్చిండు?"

"విన్నడని అంటలేను. సూసిండు," అంది గంగవ్వ.

ఈసారి నవ్వు అంతగా రాలేదు. ముందు వరసల్లో నవ్వుతున్నవాళ్లు మధ్యలోనే ఆపేశారు. ఎందుకంటే ఆ వరసల్లో ఉన్నవాళ్లంతా సాంచాలు నడిపినవాళ్లే. యాభై సాంచాలు ఒకే కప్పు కింద ఆడుతుంటే పక్కమనిషి అరిచినా వినబడదు. అక్కడ మాట చెవితో వినేది కాదు, పెదవుల మీద చూసుకునేది. దారం తెగిందనీ, షిఫ్టు అయిపోయిందనీ, సేఠ్ వస్తున్నాడనీ, చివరికి కొడుకు పుట్టాడనే కబురు కూడా మూతి కదలికలోనే తెలుస్తుంది. వాళ్లకది విద్య అని కూడా తెలియదు, తిండి తిన్నట్టు అలవాటైపోయింది.

సమావేశానికి అధ్యక్షుడు మనసుఖ్ భాయ్. పన్నెండు షెడ్ల యజమాని, ముప్పై ఏళ్లుగా తెలుగువాళ్లతో పనిచేయించి మన మాటలు బాగానే అర్థం చేసుకునే గుజరాతీ. ఎవరి వైపూ మొగ్గని మనిషని ఇద్దరికీ నమ్మకం. ఆయన గంట కొట్టాడు.

"గంగాబెన్, ఐసే నహీ చలేగా. సబూత్ దో," అని రుజువు అడిగాడు.

"ఇస్త భాయ్. శివకృష్ణను అద్దాల రూముల నిలవెట్టు. నువ్వు కూడ లోపల ఉండు. ఏదన్న మాట్లాడుమను. మా ఇంటాయన ఈడికెల్లి చెప్తడు."

రఘుపతికి అభ్యంతరం లేదు. ఎందుకుంటుంది? శివకృష్ణ, మనసుఖ్ భాయ్ లోపలికి వెళ్లారు, తలుపు పడింది. వెంకటయ్యను మొదటి వరస ముందుకు తెచ్చి నిలబెట్టారు. అద్దం వెనక శివకృష్ణ మీసం కింద పెదవులు కదిలాయి.

వెంకటయ్య కళ్లు చికిలించాడు. మెడ ముందుకు చాపాడు. చివరికి తల అడ్డంగా ఊపాడు.

"ఏం సమజైతలేదు," అన్నాడు, చెవిటివాళ్లకుండే పెద్ద గొంతుతో.

హాలు పగలబడి నవ్వింది. లాడ్జీలవాళ్లు కూర్చున్న కుడివైపు నుంచి ఈలలు కూడా వచ్చాయి. గంగవ్వ ధైర్యంగా నిలబడిందని రాయాలని నాకూ ఉంది, కానీ నిలబడలేదు. మైకు కడ్డీ పట్టుకోకపోతే పడిపోయేది. అంతా అయిపోయింది, తమ్ముడి కోసం పట్టిన పట్టును తన చేతులతోనే నవ్వులపాలు చేశాననుకుంది.

వెంకటయ్యకు ఆ నవ్వులు వినపడలేదు. అది ఒక్కోసారి వరమే. ఆయన తీరిగ్గా భార్య వైపు తిరిగాడు.

"శివకృష్ణ సాంచ నడిపినోడు కాదే గంగా. కరీంనగర్ల డిగ్రీ చదివి సీదా గల్లా మీద కూసున్నడు. ఆయన నోరు ఊకె మాట్లాడుతది, కనవడది. సాంచ నడిపినోని నోరు వేరేగ ఉంటది. రఘుపతి నోరైతే నాకు పుస్తకమే."

గంగవ్వ మైకు కడ్డీ వదిలింది.

"అన్నా, నువ్వు నాలుగేండ్లు సాంచ నడిపినవ్ కదా. లేదంటవా?"

"నడిపిన. దాచుకునేదేమున్నది?"

"అయితే నువ్వే పో రూములకు."

అందరూ రఘుపతి వైపు చూశారు. వెళ్లకపోతే భయపడ్డాడంటారు. ఆయన చొక్కా సర్దుకుని లేచాడు. మనిషి తెలివైనవాడు, దారిలోనే ఉపాయం ఆలోచించుకున్నాడు. పెదవులు కదిలీ కదలకుండా, పంటి బిగువున మాట్లాడితే సరి.

లోపల మనసుఖ్ భాయ్ ఆయన్ను సూరత్‌లో దిగిన రోజు సంగతి చెప్పమన్నాడు. ఉదయం నుంచి ఆ దిగిన రోజు మీదే కదా ఉపన్యాసమంతా. రఘుపతి మొదలుపెట్టాడు. బయటనుంచి చూస్తే మీసం కూడా కదలడం లేదు. వెంకటయ్య చూశాడు, చూశాడు, పెదవి విరిచాడు.

"నోరు కట్టేసుకున్నడు," అన్నాడు.

అప్పుడు గంగవ్వకు ఒక ఆలోచన తట్టింది. తట్టగానే నవ్వొచ్చింది. ఉదయం నుంచి అదే ఆమె మొదటి నవ్వు.

"ఓ అన్నలాలా! తమ్ములాలా! సాంచాలు నడుపుండ్రి!"

ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. మొదటి వరసలో ఒక ముసలాయన ఇనుప కుర్చీ చేతి మీద అరచేత్తో కొట్టాడు. ఖటక్. పక్కాయన జవాబిచ్చాడు. ఖటక్. ఖటక్, ఖటక్. రెండో వరస అందుకుంది, మూడోది అందుకుంది. కాళ్లు నేల మీద ఆడాయి. నిమిషంలో ఆ హాలు మూడు వందల సాంచాల కార్ఖానా అయిపోయింది. అద్దాలు చట్రాల్లో గడగడలాడాయి. ఒక్కసారి ఆ చప్పుడులో బతికినవాడికి ఒళ్లంతా అదే తాళం పడుతుంది.

గదిలో మనసుఖ్ భాయ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. వినపడటం లేదు, గట్టిగా చెప్పమని సైగ చేశాడు. రఘుపతి తలెత్తాడు. చప్పుడు వచ్చే వైపు చూశాడు. పాతికేళ్ల కిందటి అలవాటు ఆయన్ను అడగకుండానే లేచి వచ్చింది. దవడ కిందికి జారింది, పెదవులు సాగాయి, ఒక్కో అక్షరానికీ నోరు పూర్తిగా తెరుచుకుంది. విరామంలో, కూలర్ల రొదలో, శివకృష్ణతో మాట్లాడినప్పుడూ సరిగ్గా ఇదే జరిగింది. ఆయనకు తెలియకుండానే సాంచావాడి నోటితో మాట్లాడాడు.

"నేను దిగిన రోజు వాన," అన్నాడు వెంకటయ్య.

"స్టేషన్ల ఎవలు రాలే," అన్నారు మొదటి వరసలో ఇద్దరు.

తర్వాతి మాట వంద గొంతులు అన్నాయి. "నాలుగు లాడ్జీలు తిరిగిన."

ఆ తర్వాత హాలంతా ఒకటే గొంతు అయింది, పక్కనే నిలబడి రఘుపతి మాటలు వింటున్న మనసుఖ్ భాయ్‌కి అద్దం దాటి వినబడేంతగా. చేతులు కుర్చీల మీద ఆడుతూనే ఉన్నాయి, కళ్లు అద్దం మీదే ఉన్నాయి, అద్దం వెనకాల మనిషి మాట ముందు వరస నుంచి వెనక వరసకు పాకుతోంది.

"పైసలు లేవని ఎల్లగొట్టిన్రు. బట్టలన్ని తడిసినయి. ఎనిమిదో నంబరు సాంచ కింద పండుకున్న. నూనె చుక్కలు మొఖం మీద పడ్డయి. అవ్వ యాదికొచ్చి ఏడ్సిన."

రఘుపతి తాను పరీక్షలో ఉన్నాననే మరిచిపోయాడు. మనసుఖ్ భాయ్‌ని కూడా చూడటం లేదు. ముందు వరసలో కొట్టే చేతులు ఒక్కొక్కటీ ఆగాయి. కొందరు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. చప్పుడు పూర్తిగా ఆగిపోయాక కూడా ఆయన నోరు ఇంకో మాటకు తెరుచుకునే ఉంది. అప్పుడు హాలు వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

మనసుఖ్ భాయ్ తలుపు తీసుకుని బయటికి వచ్చాడు.

"ఏకేక్ శబ్ద్ సాచో ఛే," అన్నాడు. "ఒక్క మాట కూడా తప్పు పోలేదు."

హాలు ఎగిరి గంతేస్తుందనుకుంటున్నారేమో. లేదు. రఘుపతి గదిలోంచి వచ్చి తన కుర్చీ దాకా నడుస్తుంటే అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. గంగవ్వ వేదిక దిగి ఆయన ముందుకు వెళ్లింది. ఇప్పుడు మైకు అవసరం లేదు.

"అన్నా, సాంచ కింద పండుకున్నోనివి నువ్వు. నీ లెక్క ఇంకొకలు పండుకోవద్దనే మాకు పడకిచ్చినవ్. నేను దిగిన రోజు కూడ నీ కాడనే పండుకున్న. అది మరిస్తే నాకు అన్నం పుట్టది. కని పడకిచ్చిన చెయ్యితోటే బయటికొచ్చే తొవ్వ మూస్తవా? మా లింగానికి కూడ తొవ్వ దొరకలేదన్నా."



రఘుపతి తల దించుకున్నాడు. మేకపోతు గాంభీర్యం అంతా పోయింది.

"మూసిన చెల్లె," అన్నాడు. "మూసిన. తప్పే."

ఇక ఓటింగు. అవునంటే ఆకుపచ్చ చీటీ, కాదంటే తెల్ల చీటీ. రఘుపతి కూడా వరసలో నిలబడి చీటీ వేశాడు. ఏ రంగు వేశాడో నాకు తెలుసు, మీకు చెప్పను. సొసైటీ గుమస్తా పెట్టె బోర్లించి లెక్కపెడుతుంటే గంగవ్వ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. వెంకటయ్య మాత్రం గుమస్తా పెదవులనే చూస్తూ నిలబడ్డాడు. మనసుఖ్ భాయ్ గంట అందుకోకముందే ఆయన భార్య భుజం తట్టాడు.

"గెలిసినవే పిల్లా."

మూడు వందల పన్నెండు ఆకుపచ్చ, తొంభై ఐదు తెలుపు. లాడ్జీలవాళ్ల చుట్టాలు కూడా కొందరు ఆకుపచ్చ వేస్తే తప్ప రాని అంకె అది. కుర్చీలు మళ్లీ మోగాయి, ఈసారి సంతోషంతో. గంగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పది నెలలుగా మనుషుల ముందు ఏడవని మనిషి, ఇప్పుడు ఎవరు చూసినా సిగ్గుపడలేదు. తమ్ముడు పోయిన గల్లీలోకి ఇక బండి వస్తుంది. ఇంకో అక్క గల్లీ మొదట్లో నిలబడి గుండెలు బాదుకోనక్కర్లేదు. ఆమెకు ఆ క్షణాన లోకంలో కావలసింది ఇంకేమీ లేదు.

వెంకటయ్యను నలుగురు భుజాల మీదికి ఎత్తారు.

"దింపుండ్రిరా, లుంగీ ఊడుతది!" అని ఆయన మొత్తుకుంటున్నాడు. ఈసారి చెవుడు అందరికీ వచ్చినట్టుంది, ఒక్కరూ వినలేదు.

అప్పుడే బ్రహ్మచారి అనే మెస్సు వంటమనిషి హాలు గేటు దగ్గర్నుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఆయాసంతో మాట తెగి తెగి వస్తోంది.

"అక్కా! లాడ్జీలన్ని బంద్ పెడుతున్రు. మన పోరగాండ్ల మూటలు రోడ్డు మీద పారేస్తున్రు. ముప్పై ఎనిమిదింటికి ముప్పై ఎనిమిది!"

గంగవ్వ చుట్టూ చూసింది. శివకృష్ణ ఎక్కడా లేడు. ఓట్లు లెక్కపెడుతుండగానే జారుకున్నాడు. కుడివైపు కుర్చీల్లో లాడ్జీల యజమానులు కూడా, రఘుపతి తప్ప, ఒక్కరూ లేరు.

ఈ సమావేశానికి ముందు గురువారం నాడు లాడ్జీలవాళ్లంతా డుమస్ వెళ్లారు. సముద్రం ఒడ్డున టమాటా భజియాలు తింటూ ఒక నిర్ణయం చేసుకున్నారు. ఓడిపోతే ఆ గంటలోనే అన్ని లాడ్జీలకూ తాళాలు వేయాలి. పడక లేక పనివాళ్లు తిరగబడితే, వారం తిరక్కుండా గంగవ్వే సుంకం వద్దని చేతులు జోడిస్తుంది. ఆ ఉపాయం చెప్పింది ఎవరో మీకు వేరే చెప్పాలా? రఘుపతే. ఓడిపోతానని కలలో కూడా అనుకోని రోజున చెప్పాడు.

"సాయంత్రం రైలుకు అరవై మంది కొత్తోళ్లు దిగుతరక్కా," అన్నాడు బ్రహ్మచారి. "యాడ పండుకుంటరు?"

గంగవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మెస్సుల బల్లలు ఎత్తి గోడకు పెట్టు. చాపలు పరువు. ఓ అన్నలాలా, రెండు దిక్కుల తలుపులున్న షెడ్లు ఎవలియి? గవే చెప్పుండ్రి, ఒక్క తలుపుది వద్దు!"

"నాది రాయి, ఇరవై మంది!" అని ఒకరు. "నాది పదిహేను!" అని ఇంకొకరు. "మారా బార్ షెడ్ ఖుల్లా ఛే, గంగాబెన్," అన్నాడు మనసుఖ్ భాయ్, తన పన్నెండు షెడ్లూ తెరిచిస్తానని అధ్యక్షుడి కుర్చీలోంచి లేచి మరీ. గంగవ్వ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. రెండు వందల మందికి చోటు దొరికింది. లాడ్జీల్లోంచి రోడ్డున పడ్డవాళ్లు, కొత్తవాళ్లు కలిపి ఇంకా ఏడు వందల మంది మిగిలారు.

రఘుపతి జేబులో ఫోను మోగింది.

ఆయన తీసి చూశాడు. శివకృష్ణ పేరు. ముప్పై ఏడుగురు యజమానులు ఆ ఫోను చుట్టూ నిలబడి ఉంటారని ఆయనకు తెలుసు. తాళాలు ఉంచాలా తీయాలా అన్నది ఇప్పుడు ఆయన ఒక్క మాటలో ఉంది. హాలు గోల ఇంకా తగ్గలేదు, గొంతు వినబడే అవకాశమే లేదు. అయినా ఒకరి తర్వాత ఒకరు తిరిగారు. మూడు వందల జతల కళ్లు రఘుపతి పెదవుల మీదికి వచ్చి ఆగాయి.

రఘుపతి గంగవ్వను చూశాడు. ఫోను చెవికి ఆనించుకున్నాడు. రెండో చెయ్యి ఎత్తి, నోటికి అడ్డం పెట్టుకుని, మాట్లాడటం మొదలుపెట్టాడు.

(సశేషం)